చీకటి చాలితేనే చామంతి

కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల వైపు చామంతి పండించే ఊళ్ళ మీదుగా రాత్రివేళ ప్రయాణం చేసేవారికి కొన్ని పొలాలు వింతగా కనిపిస్తాయి. చుట్టూ ఊళ్ళు నిద్రపోతుంటాయి, చేలో మాత్రం వరసలు వరసలుగా బల్బులు వెలుగుతుంటాయి. దొంగల భయానికి పెట్టారనుకుంటారు కొందరు. పురుగులను పట్టడానికేమో అంటారు మరికొందరు. వెలుతురు ఎక్కువైతే పూలు ఎక్కువ పూస్తాయి కాబోలు అని ఊహించేవారే ఎక్కువ. నిజానికి ఆ దీపాలున్నది చామంతిని పూయనివ్వకుండా ఆపడానికి. రైతు వాటిని ఆర్పేసిన నాటి నుంచే మొక్క మొగ్గ మీదికి మళ్ళుతుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే పెరటి చామంతి విషయంలో మనకున్న సగం తికమక తీరిపోతుంది. నీళ్ళు పోశాం, పేడ ఎరువు వేశాం, ఎండలో పెట్టాం, మొక్క నవనవలాడుతోంది, మొగ్గ మాత్రం కనబడదు అనే మాట ప్రతి కార్తీకంలోనూ ఎవరో ఒకరి నోట వింటూనే ఉంటాం. చామంతికి పగలు ఎండ ఎంత ముఖ్యమో, రాత్రి చీకటీ అంతే ముఖ్యం. ఆ చీకటి తెంపు లేకుండా సాగాలి. మన ఇళ్ళ ముందు, బాల్కనీల్లో ఇవాళ కరువైనది అదే.

చామంతి బహువార్షిక గుల్మం. అంటే ఏటా పూసి, పైకాడలు ఎండిపోయినా, మొదట్లోని దుంపకట్టు బతికే ఉండి మళ్ళీ పిలకలు వేస్తుంది. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టడానికి పూలన్నీ కోసేశాక కుండీని చెత్తలో పారేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. బంతితో కలిపి చూడటం వల్ల వచ్చిన పొరపాటిది. బంతి ఒక్క కాపుతో సరి. చామంతి అలా కాదు. దాన్ని పారేయడమంటే వచ్చే ఏడాది పూలను కూడా పారేయడమే.

దీని పుట్టిల్లు చైనా. తోటల్లో మనం పెంచేది ఒక్క అడవి జాతి నుంచి నేరుగా వచ్చినది కాదు. చైనాలో ఎన్నో శతాబ్దాల పాటు పలు జాతుల మధ్య సంకరం జరగ్గా రూపుదిద్దుకున్న మొక్క. అక్కడి నుంచి జపాను చేరి, ఆ దేశపు చక్రవర్తి వంశ చిహ్నంగా పదహారు రేకులతో నిలిచింది. మన దేశంలో ఇది దండలోకి, గుడిలోకి, జడలోకి ఎంతగా కలిసిపోయిందంటే పరాయి మొక్క అంటే నమ్మబుద్ధి కాదు. హైదరాబాద్ గుడిమల్కాపూర్ మార్కెట్లోనో, గోదావరి జిల్లాలోని కడియపులంకలోనో తెల్లవారుజామున గుట్టలుగా పోసిన పసుపు, తెలుపు రాశులు చూస్తే ఆ మాట అర్థమవుతుంది. బతుకమ్మలో తంగేడు, గునుగుల పక్కన దీనికీ చోటుంది.

ఒక చామంతిని విప్పి చూడండి. మనం పువ్వు అంటున్నది ఒక పువ్వు కాదు, వందలాది చిట్టి పూల గుంపు. ఒక్కో రేకూ ఒక్కో పువ్వే. దాని మొదట్లో సన్నని కీలం కనిపిస్తుంది, కేసరాలు ఉండవు. అంటే అది ఆడ పువ్వు. నడిమధ్యన పచ్చగా బొడిపెలా ఉండేవి గొట్టం లాంటి మరో రకం చిట్టి పూలు. వాటిలో కీలం, కేసరాలు రెండూ ఉంటాయి. ముద్ద చామంతిలో ఈ మధ్య పూలు బాగా తగ్గిపోయి రేకుల పూలు నిండిపోతాయి. పొద్దుతిరుగుడు, బంతి, చివరికి పొలం గట్ల మీద పెరిగే వయ్యారిభామ కూడా ఈ కుటుంబానివే. వయ్యారిభామ పడక చర్మం దురద పెట్టేవారికి చామంతి ఆకు, పూలు తాకినా దద్దుర్లు రావచ్చు. రెండింటిలోనూ ఒకే తరహా రసాయనాలుండటమే కారణం. అలాంటివారు చేతులకు తొడుగు వేసుకుని పని చేయాలి.

రంగుల కథ మరీ చిత్రం. తెల్ల చామంతిలో పసుపు రంగు పుట్టక తెల్లగా ఉంటుందనుకుంటాం. పసుపునిచ్చే కెరోటినాయిడ్లు తెల్ల రేకుల్లోనూ తయారవుతాయి. వాటిని వెంటనే ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటి అక్కడ పనిచేస్తూ ఉండటం వల్ల రంగు నిలవదు. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని నిరూపించారు. ఆ ఎంజైమ్ జన్యువు దెబ్బతింటే తెల్ల మొక్క మీదే పసుపు పూల కొమ్మ పుట్టుకొస్తుంది. ఇలా హఠాత్తుగా రంగు మారిన కొమ్మను వేరుచేసి నాటి, కొత్త రకాలు తీయడం తోటమాలులకు ఎప్పటి నుంచో తెలిసిన విద్య. లక్నోలోని జాతీయ వృక్ష పరిశోధన సంస్థ గామా కిరణాల సాయంతో ఇలాంటి మార్పులను రప్పించి ఎన్నో రకాలను రూపొందించింది. చామంతికి చాలాకాలం అందని రంగు నీలం. అదీ 2017లో సాధ్యమైంది. జపాన్ పరిశోధకులు రెండు మొక్కల జన్యువులను చామంతిలోకి ఎక్కించి నీలి పూలు పూయించారు. ఆ రెండింటిలో ఒకటి మన ఇళ్ళ కంచెల మీద పాకే శంఖపుష్పం.

ఇక చీకటి దగ్గరికి వద్దాం. మొక్క పూసే వేళకూ పగటి నిడివికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా పట్టుకున్నవారు అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్. వారి దగ్గర ఒక పొగాకు రకం ఉండేది. ఎండాకాలమంతా మనిషిని మించి పెరిగేది గాని పూసేది కాదు. అదే రకం చలికాలంలో గాజు ఇంట్లో పొట్టిగా ఉండగానే పూసేది. వేడిని మార్చి చూశారు, తేమను మార్చి చూశారు, కారణం దొరకలేదు. చివరికి ఎండాకాలంలోనే కుండీలను సాయంత్రం కాకముందే చీకటి గదిలోకి చేర్చి, మొక్కకు పగలు పొట్టిగా ఉన్నట్టు చేశారు. పొగాకు పూసింది. 1920లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. పాఠ్యపుస్తకాల్లో కాంతికాలావధి అని చదువుకునేది దీన్నే. పగలు పొట్టిగా ఉన్నప్పుడు పూసే మొక్కల జాబితాలో చామంతి త్వరలోనే చేరింది.

అయితే మొక్క కొలిచేది పగటినా, రాత్రినా? 1938లో హామ్నర్, బానర్ ఈ చిక్కుముడి విప్పారు. వారు ఎంచుకున్నది మన పొలాల్లో బట్టలకు అంటుకునే కాయల మొక్క మరులమాతంగి. పగటి మధ్యలో కాసేపు చీకటి చేసినా దాని పూతకు ఏ అడ్డూ రాలేదు. పొడవైన రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది. అంటే మొక్క కొలుస్తున్నది ఏకధాటిగా సాగే చీకటిని. నూరు దాకా లెక్కపెట్టమని చెప్పిన పిల్లాణ్ణి యాభై దగ్గర ఎవరో పలకరిస్తే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టినట్టు, దీపం పడగానే ఆ రాత్రి లెక్క చెడిపోతుంది.

లెక్క పెట్టేది మొక్కలో ఏ భాగం అన్న ప్రశ్నకు జవాబివ్వడంలో చామంతికీ పాలుంది. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930 దశకంలో చామంతి మీద చేసిన ప్రయోగం వృక్షశాస్త్రంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు అందులో. మొక్క పైభాగంలో ఆకులన్నీ తుంచేశాడు, కింది భాగంలో ఆకులు ఉంచాడు. కింది ఆకులకు పొట్టి పగలు, పై చిగుళ్ళకు పొడవు పగలు అందేలా అమర్చాడు. చిగురు పూసింది. తర్వాత దాన్నే తిరగేశాడు. ఆకులకు పొడవు పగలు, చిగుళ్ళకు పొట్టి పగలు ఇచ్చాడు. పూయలేదు. పువ్వు పుట్టేది కొమ్మ చివర, కాలాన్ని గుర్తుపట్టేది ఎక్కడో కింద ఉన్న ఆకు. రెండింటి మధ్య ఏదో కబురు కాండం గుండా ప్రయాణించి తీరాలి. ఆ కబురు మోసే పదార్థానికి ఆయన ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు.

పేరైతే ఉంది గాని పదార్థం చేతికి చిక్కలేదు. దాదాపు 70 ఏళ్ళ పాటు ఎంతోమంది ఆకుల రసాలు వడకట్టి వెతికారు. 2007లో ఆవాల కుటుంబానికి చెందిన ఓ చిన్న మొక్క మీద ఐరోపాలో, వరి మీద జపానులో పనిచేసిన బృందాలు ఫ్లోరిజెన్ ఒక చిన్న ప్రోటీన్ అని తేల్చాయి. ఆకులో తయారై, పోషకాలు ప్రవహించే నాళాల వెంట చిగురు చేరి, ఆకులు వేయడం ఆపి మొగ్గ తొడగమని చెప్పేది అదే. ఆ తర్వాత చామంతికి దగ్గర చుట్టమైన ఓ అడవి జాతిలో 2012లో ఫ్లోరిజెన్ జన్యువును గుర్తించారు. మరుసటి ఏడు మరో సంగతి బయటపడింది. పూయమనే ప్రోటీన్‌తో పాటు పూయవద్దనే ప్రోటీన్ కూడా ఆకుల్లోనే తయారవుతోంది. పొద్దు పొడవుగా ఉన్నప్పుడు, లేదా నడిరాత్రి దీపం వెలిగినప్పుడు ఆ వద్దనే ప్రోటీన్ పుట్టి చిగురుకు చేరుతుంది. పొలంలో రైతు వెలిగించే బల్బు చేస్తున్న పని ఇదే.

ఆకులో వెలుతురును పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే వర్ణక ప్రోటీన్. ఎర్రని కాంతికి ఇది బాగా స్పందిస్తుంది. అందుకే పొలాల్లో పాతకాలపు పసుపు బల్బులు అంత బాగా పనిచేశాయి, ఇప్పుడు ఎర్రని ఎల్‌ఈడీలూ వస్తున్నాయి. దీపం రాత్రంతా వెలగక్కర్లేదు. 10 గంటల నుంచి 2 గంటల దాకా, అంటే చీకటిని నడిమికి విరిచేలా 4 గంటలు వెలిగితే సరిపోతుంది. ఆ 4 గంటలూ కూడా ఏకధాటిగా అవసరం లేదు, ప్రతి అరగంటకు 6 నిమిషాలు వెలిగించి ఆర్పినా పని జరుగుతుంది. కరెంటు ఖర్చు ఆ మేరకు కలిసొస్తుంది. కాంతి కూడా కొద్దిగానే చాలు. నడిమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ ఉంటే, ఈ పనికి 100 లక్స్ సరిపోతాయి. అంతకన్నా తక్కువలోనూ కొన్ని రకాలు తడబడతాయి. పున్నమి వెన్నెల పావు లక్స్‌కు అటూఇటూ ఉంటుంది కనుక చంద్రుడి వల్ల చామంతికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా గుమ్మం ముందు తెల్లవార్లూ వెలిగే బల్బుతోనూ, బాల్కనీకి ఎదురుగా నిలబెట్టిన వీధి దీపంతోనూ.

మన అక్షాంశాల దగ్గర ఇంకో విశేషం ఉంది. హైదరాబాద్‌లో జూన్‌లో వచ్చే అతి పొడవైన పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబర్‌లోని అతి పొట్టి పగలు 11 గంటల పైచిలుకు. తేడా 2 గంటలే. పాశ్చాత్య దేశాల్లో పెంచే చాలా రకాలకు మొగ్గ మొదలవడానికి పగలు సుమారు 14న్నర గంటలకు లోపు, మొగ్గ ఎదగడానికి 13న్నర గంటలకు లోపు ఉంటే చాలు. ఆ కొలతతో చూస్తే మన దగ్గర పగలు ఏ నెలలోనూ చామంతికి మరీ పొడవు కాదు. అయినా ఎండాకాలంలో విరగబూయకపోవడానికి కారణాలున్నాయి. రకాన్ని బట్టి ఈ హద్దు మారుతుంది. సంధ్య వెలుగు కూడా లెక్కలోకి వస్తుంది. రాత్రులు బాగా వేడిగా ఉంటే మొదలైన మొగ్గ కూడా ముందుకు సాగదు. మొక్క తగినన్ని ఆకులు వేసేదాకా పూతకు సిద్ధం కాదు. చల్లని, పొడవైన రాత్రి రెండూ కలిసొచ్చేది మనకు దసరా దాటాకనే. అందుకే మన చామంతికి కార్తీకం నుంచి పుష్యం దాకా అసలు కాలం.

ఇక్కడే మన ఇళ్ళలో జరిగే ఒక నష్టం చెప్పాలి. అక్టోబర్‌లో చిన్న పిలక తెచ్చి నాటితే అది జానెడైనా ఎదగకముందే రాత్రులు పొడవైపోతాయి. పిలక నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది. ఎరువు వేసి లాభం లేదు, దానికి ఎదిగే గడువే దొరకలేదు. జూన్, జూలైల్లో నాటిన మొక్కకు రెండు మూడు నెలలు ఆకులు, కొమ్మలు వేసే వ్యవధి ఉంటుంది. చామంతి పెంపకంలో అన్నింటికన్నా ముందు సరిచేసుకోవాల్సింది ఈ తేదీనే.

నాటడానికి రెండు దారులున్నాయి. పూత అయిపోయాక మొదలు దగ్గర పుట్టే పిలకలను వేర్లతో సహా విడదీసి నాటడం ఒకటి. బాగా ఎదిగిన కొమ్మల చివరలను నాలుగు వేళ్ళ పొడవున కత్తిరించి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి వేర్లు రప్పించడం రెండోది. ఇసుక తడిగా ఉంచి నీడపట్టున పెడితే రెండు మూడు వారాల్లో వేర్లు వస్తాయి. నేనైతే కత్తిరింపులకే ఓటు వేస్తాను. మట్టిలోని తెగుళ్ళు పిలకల వేర్లతో పాటు వచ్చేస్తాయి, కొమ్మ చివరతో అంత సులువుగా రావు. మొక్కలన్నీ ఒకే ఈడులో ఎదిగి ఒకేసారి పూస్తాయి కూడా. విత్తనం నుంచి పెంచితే తల్లి రంగు వస్తుందన్న భరోసా లేదు. ఎన్నో సంకరాల వారసత్వం మోస్తున్న మొక్క కనుక పిల్లలు రకరకాలుగా పుడతాయి.

మట్టి విషయంలో నీరు నిలవకపోవడమే ముఖ్యం. చామంతి వేర్లు పైపైనే పాకుతాయి, రెండు రోజులు బురదలో ఉంటే కుళ్ళుతాయి. నల్లరేగడిలో నాటేవారు మడి ఎత్తు చేసి నాటాలి. కుండీలో అయితే తోట మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్ళలో కలిపి, అడుగు రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టాలి. పొలంలో మొక్కకు మొక్కకు అడుగు దూరం సరిపోతుంది. నీళ్ళు ఉదయం పూట మొదట్లో పోయాలి. ఆకులు రాత్రంతా తడిగా ఉంటే ఆకుమచ్చ తెగులు వచ్చి కూర్చుంటుంది. పేనుబంక, తామర పురుగులు చిగుళ్ళను, మొగ్గలను పీలుస్తాయి. కనబడిన వెంటనే నీటితో గట్టిగా కడిగి, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్ది సబ్బు ద్రావణంతో కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే మొదట్లోనే అదుపులో ఉంటాయి. చామంతి ఉంటే దోమలు రావని కొందరు నమ్ముతారు. దోమలను చంపే పైరెథ్రిన్ ఉన్నది దీని చుట్టం, తెల్లని పూలు పూసే పైరెథ్రం మొక్కలో. మన తోట చామంతి మీద ఆ భారం వేయకూడదు.

ఇక చిగుళ్ళు తుంచడం. చామంతి గుబురుగా విరగబూయాలంటే దీన్ని మించిన మార్గం లేదు. నాటిన నాలుగు వారాలకు మొక్క జానెడు ఎత్తు వస్తుంది. అప్పుడు కొస చిగురును గోటితో తుంచేయాలి. కొస చిగురులో పుట్టే ఆక్సిన్ అనే హార్మోన్ కాండం వెంట కిందికి దిగుతూ పక్క మొగ్గలను లేవనివ్వదు. చిగురు పోయాక ఆ అదుపు సడలి, ప్రతి ఆకు చంకలోంచి ఓ కొమ్మ లేస్తుంది. మరో మూడు నాలుగు వారాలకు ఆ కొమ్మల కొసలు కూడా తుంచితే ఒక్క కాడ ఉన్న మొక్క కాస్తా పది పదిహేను కొమ్మల పొద అవుతుంది. చిగురు తుంచడానికి చేయి రాక వదిలేసేవారు చాలామంది, పెరుగుతున్న మొక్కను గిల్లడం పాపమనిపిస్తుంది. కాని వదిలేస్తే వచ్చేది పొడవాటి కాడ, దాని చివర నాలుగు పూలు, గాలికి వాలిపోవడం. ఎప్పుడు ఆపాలన్నది కూడా రాత్రే నిర్ణయిస్తుంది. సెప్టెంబర్ మొదలయ్యాక తుంచకూడదు. అప్పటికి రాత్రి పొడవవుతూ చిగుళ్ళలో మొగ్గ మొదలయ్యే వేళ వస్తుంది, తుంచితే పోయేది పువ్వే.

పెద్ద పువ్వు ఒక్కటే కావాలనుకుంటే లెక్క వేరు. కొమ్మ చివర నడిమి మొగ్గను ఉంచి, చుట్టూ ఉన్నవి చిన్నగా ఉండగానే తీసేయాలి. దండల కోసం పెంచే చిన్న పూల రకాలకు ఆ శ్రమ అక్కర్లేదు.

సెప్టెంబర్ నుంచి మొగ్గలు గింజంత అయ్యేదాకా కుండీ రాత్రి ఎక్కడ ఉంటుందో చూసుకోండి. బాల్కనీ దీపం ఆర్పేయగలిగితే అదే మంచి ఉపాయం. వీధి దీపం మన చేతిలో లేదు కనుక, కుండీని గోడ చాటుకో డాబా మీద వెలుతురు పడని మూలకో మార్చాలి. కదపలేని మొక్కలకు సాయంత్రం 6 గంటలకు దళసరి నల్లగుడ్డ కప్పి ఉదయం తీసేయవచ్చు, లోపల ఉక్క పోయకుండా గాలి ఆడేలా చూసుకోవాలి. రోజు విడిచి రోజు చేస్తే ఫలితం ఉండదు. పొడవైన రాత్రులు వరసగా కొన్ని వారాలు సాగితేనే మొగ్గ పూర్తిగా తయారవుతుంది. చీకటి లెక్క మొదలైన నాటి నుంచి పూలు విచ్చడానికి రకాన్ని బట్టి 7 నుంచి 11 వారాలు పడుతుంది. మొక్క కొనేటప్పుడు ఈ గడువు అడిగి తెలుసుకుంటే ఏ పండగకు పూలు అందుతాయో ముందే అంచనా వేయవచ్చు.

డిసెంబర్‌లో నర్సరీలో కొన్న కుండీ చామంతి, పొట్టిగా పుట్టగొడుగులా గుండ్రంగా ఉండేది, రెండో ఏడు పొడవుగా సాగిపోయిందని చాలామంది దిగులు పడతారు. మొక్క చెడిపోలేదు. అమ్మకానికి పెంచేటప్పుడు డామినోజైడ్ లాంటి ఎదుగుదల తగ్గించే మందులు కొట్టి ఉండవచ్చు. ఆ మందు ప్రభావం తగ్గాక మొక్క తన సహజమైన ఎత్తుకు వస్తుంది. చిగుళ్ళు తుంచి గుబురు చేసుకోవడం మన చేతిలో పని.

పూత ముగిశాక, సంక్రాంతి దాటిన పదిహేను రోజుల్లో, కాడలను నేల నుంచి బెత్తెడు ఉంచి కోసేయాలి. నీళ్ళు తగ్గించి, పైన కాస్త మాగిన ఎరువు చల్లితే మాఘ ఫాల్గుణాల్లో పిలకలు లేస్తాయి. ఎండాకాలమంతా వాటిని మధ్యాహ్నపు ఎండ తగలని చోట కాపాడుకుంటే జూన్‌లో కత్తిరింపులకు అవే తల్లి మొక్కలు. ఒకే మొదలును ఏళ్ళ తరబడి ఉంచితే అది మోడుబారి పూలు చిన్నవవుతాయి, అందుకే ఏటా కొత్త మొక్కలు కట్టుకోవాలి. కత్తిరించేముందు తల్లి మొక్కలను ఒకసారి పోల్చి చూడండి. తోటివాటి కన్నా గిడసబారి, ఆకులు చిన్నవై, పూలు పాలిపోయినదాన్నుంచి ఒక్క ముక్క కూడా తీసుకోవద్దు. చామంతిని గిడసబార్చే వైరాయిడ్ ఒకటి ఉంది. అది కత్తి అంచున అంటుకుని ఒక మొక్క నుంచి మరోదానికి పాకుతుంది. పట్టిన మొక్కకు మందు లేదు. దాన్ని వేర్లతో సహా పీకి కాల్చేయాలి. కత్తిని సబ్బు నీళ్ళతో కడిగి, పలచని బ్లీచింగ్ ద్రావణంలో ముంచి తీశాకే పక్క మొక్క జోలికి వెళ్ళాలి.